ప్లీడరు గారి పన్నెండు నిమిషాలు

విశాఖ బీచ్ రోడ్డులో ఒడ్డుకెక్కించి నిలబెట్టిన సబ్‌మెరీను ఉంది కదా, దాని ఎదురుగా పదేళ్లుగా ముంత మసాలా అమ్ముతున్నాను. నా పేరు నూకాలు. సబ్‌మెరీను చూసి బయటికి వచ్చినవాళ్లకు ఆకలి ఎక్కువ. లోపల ఏం చూశారో చెప్పుకుంటూ తింటారు. అలా విని విని లోపల మంచాలెన్నో, గొట్టాలెన్నో నాకు నోటికి వచ్చు. కానీ ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదు. అటువంటిదాన్ని అమెరికా పోయి, సబ్‌మెరీన్లకు డబ్బు తెచ్చిన ఒక ప్లీడరు గారి జాడ వెతుక్కుంటూ మూడు రోజులు తిరిగానంటే మా పేటలో నమ్మినవాళ్లు లేరు. వాళ్ల కోసమే ఇది చెబుతున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే పక్క వీధి టీచరమ్మ సుజాత రాసింది. నా మాటలు కొన్ని ఇస్త్రీ చేసింది. మనుషులు మాట్లాడుకున్న చోట మాత్రం మడతలు అలాగే ఉంచమన్నాను.

ఐసెలిన్

రాజీ మా అన్నయ్య కూతురు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే నేనే పెంచాను. న్యూజెర్సీలో ఐసెలిన్ అనే ఊళ్లో ఉండి, సాఫ్ట్‌వేరు టెస్టింగ్ పని చేస్తుంది. రెండువేల పన్నెండు వేసవిలో నాలుగు నెలలు ఉండి పొమ్మని పిలిచింది. అక్కడ ఓక్ ట్రీ రోడ్డు అని ఒకటుంది. చీరలు, నగలు, ఇడ్లీ పిండి, అన్నీ అక్కడే. ఎండిపోయిన మునగకాడలు నాలుగు మూడు డాలర్లు. మన డబ్బుల్లోకి మార్చి చూడొద్దత్తా, అన్నం సహించదు అని రాజీ ముందే చెప్పింది. నేను మార్చకుండా ఒక్కటీ కొనలేదు.

రాజీ ఆఫీసుకి పోతే ఇంట్లో ఒక్కదాన్నే. ఒకరోజు చేపల పులుసు కాగుతుంటే గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. రెండిళ్ల అవతల ఉండే రామదాసు గారు. కాకినాడ మనిషి. నలభై ఏళ్ల కిందటే ఆ దేశం వెళ్లి నీటి పంపులు చేసే కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. డెబ్బై ఏడేళ్లు. వాసన పట్టుకుని వచ్చానమ్మా, తిట్టకు అన్నారు. పులుసు తింటూ, ఊళ్లో ఏం చేస్తావని అడిగారు. సబ్‌మెరీను ఎదురుగా కూర్చుంటానని చెప్పేసరికి ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఆయన పదకొండేళ్లుగా ఇంగ్లీషులో ఒక పుస్తకం రాస్తున్నారు. అది ఒక ప్లీడరు జీవితం. పేరు చెప్పారు గానీ నా నోట తిరగలేదు, నేను ప్లీడరు గారనే అన్నాను. కథ ఇదీ. నూరేళ్ల పైచిలుకు కిందట ఐర్లాండు నుంచి వచ్చిన ఒక బడిపంతులు నీళ్ల కింద నడిచే పడవ కట్టాడు. బుర్ర ఉంది, డబ్బు లేదు. న్యూయార్కులో ఈ ప్లీడరు గారు ముందు కాగితాలు రాసిపెట్టడానికి వచ్చారు. తర్వాత వాటా పుచ్చుకున్నారు. తర్వాత పెద్దవాళ్ల దగ్గర డబ్బు పోగు చేశారు. ఆ తర్వాత దేశదేశాలూ తిరిగి పడవలు అమ్మారు. ఆయనే లేకపోతే ఆ పడవ పెరట్లో తుప్పు పట్టేది. ఆయన ఉన్నందుకు చివరికి పంతులుకే కంపెనీలో చోటు లేకపోయింది. సగం మంది దొంగ అన్నారట, సగం మంది ఆయనే అసలు మనిషి అన్నారట. రామదాసు గారు రెండో సగంలో ఉన్నారు.

అంతా విని నేను ఒకటే అడిగాను.

"అన్నీ బాగున్నాయి బాబుగారూ. ఆ పిలీడరు బాబు తన పడవ తాను ఎక్కినాడా నేదా?"

ఎందుకు అడిగానో చెప్పాలి. మా రేవులో మా నాన్న కాలంలో ఒక కట్టుబాటు ఉండేది. కొత్త పడవ నీళ్లలోకి దింపిన రోజు, దానికి డబ్బు పెట్టిన షావుకారు ఎక్కి కెరటాలు దాటి రావాలి. తడవని చేతికి పడవ మీద హక్కు లేదు అనేవాడు మా నాన్న. ఎక్కినట్టు షావుకారు చెబితే చాలదు, ఒడ్డున ఉన్నవాళ్లు చూసి చెప్పాలి. మర బోట్లు వచ్చాక ఆ కట్టు పోయింది. నా మొగుడు ఎర్రయ్య వెళ్లిన బోటును దాని యజమాని ఒక్కనాడూ ఎక్కలేదు. ఎక్కి ఉంటే నీళ్లు తోడే పంపు పని చేయదని ఆయనకే తెలిసేది. నలుగురు వెళ్లారు. నేను ఆరు రోజులు ఒడ్డున నిలబడ్డాను.

రామదాసు గారు కంచం పక్కకు పెట్టి, చెయ్యి కడుక్కుని, ఇంటికి వెళ్లి ఒక ఫైలు పట్టుకొచ్చారు. అందులో ఒక ఉత్తరం నకలు ఉంది. ప్లీడరు గారు డబ్బున్న పెద్దమనుషులకు రాసినది. ఆయన దాన్ని తెలుగు చేసి చెప్పారు. 'ఈ రోజు నేను మన పడవలో ఉన్నాను. పడవ నీటి కిందికి వెళ్లి బాతులాగా తేలి వచ్చింది. నా గడియారంలో సరిగ్గా పన్నెండు నిమిషాలు.' ఆ ఉత్తరం చూసే పెద్దమనుషులు డబ్బు కట్టారట. రామదాసు గారి పుస్తకానికి అదే మొదలు, అదే కొస. సొంత పడవలో ప్రాణం ఒడ్డిన ప్లీడరు.

"ఎవులు సూసినారు?" అన్నాను.

ఆయన నవ్వలేదు. అదే లేదమ్మా, సాక్ష్యం లేదు అన్నారు. తర్వాత నెమ్మదిగా అసలు సంగతి చెప్పారు. ఆ పడవలో పనిచేసిన మెకానిక్ ఒకడు రోజూ ఒక నోటుబుక్కు రాసేవాడు. అతని మనవలు ఈ మధ్యనే దాన్ని కనెక్టికట్‌లో ఒక ఊరి చరిత్ర సంఘానికి ఇచ్చారు. సోమవారం పది నుంచి పన్నెండు దాకా చూపిస్తామని వాళ్లు రాశారు. కానీ ఆయన కళ్లకు మధ్యలో నల్లటి మచ్చ పడింది. కారు నడపడం అప్పటికే మానిపించారు. చదవడం కూడా ఏడాదిలోపే పోతుందని కంటి డాక్టరు చెప్పేశారు. ఆ బుక్కు చూడకుండా పుస్తకం ముగిస్తే రాసినది నిజమో కాదో తెలియకుండానే చూపు పోతుంది.

రాజీ సాయంత్రం వచ్చి, సోమవారం సెలవు పెట్టి నేనే డ్రైవ్ చేస్తాను అంకుల్ అంది. ప్రశ్న వేసినదాన్ని కాబట్టి నన్నూ ఎక్కించారు.

ద్వీపం కొస

శనివారం తెల్లారగానే బయలుదేరాం. ముందు పంతులు పడవ కట్టి పరీక్షించిన ఊరు చూడాలన్నారు రామదాసు గారు. లాంగ్ ఐలాండ్ అని, పొడుగ్గా ఎండుచేపలా పడి ఉన్న ద్వీపం. దాని తోక దగ్గర ఉంది ఆ ఊరు. బంగాళాదుంప చేలు, ద్రాక్ష తోటలు దాటాక నీళ్లు కనిపించాయి. ఊరంతా కలిపితే మా పేటలో ఒక వీధి అవుతుంది. రేవు దగ్గర ఒక రాయి, దాని మీద రాత. ఇక్కడే మొదటి సబ్‌మెరీన్లు ఉండేవని రాజీ చదివింది. అంతే. రాయి తప్ప ఇంకేమీ లేదు. ఒక ముసలామె కుక్కను తిప్పుతూ వచ్చి, మీరెక్కడి నుంచి అని అడిగింది. రాజీ న్యూజెర్సీ అంది. ఆమె నా చీర చూసి, కాదు, ఈమె ఎక్కడి నుంచి అంది. మా ఊళ్లో సబ్‌మెరీను ఇసకలో ఉందని రాజీతో చెప్పించాను. ఆమె నమ్మలేదు. ఇక్కడ మొదటిదాన్ని పాత ఇనుముకి అమ్మేశారు, మీరు దాచుకున్నారా అంది. ఆ మాటకు నాకు కాస్త గర్వం వచ్చింది. దాన్ని కట్టినదాన్ని నేనే అన్నట్టు నిలబడ్డాను.

మధ్యాహ్నం రొట్టె మధ్యలో పెద్ద రొయ్య మాంసం పెట్టి ఇచ్చారు. ఒక్కొక్కటి పదహారు డాలర్లు. రొయ్య కాదత్తా, లాబ్‌స్టర్ అంది రాజీ. మన వాళ్లు ఎగుమతికి పంపేస్తారు, నేను పట్టడమే చూశాను, తినడం అదే మొదలు. ఉప్పూ కారమూ లేవు. తింటూ రామదాసు గారు ప్లీడరు గారి ఫొటో చూపించారు. మీసాలు, పెద్ద పొట్ట, కోటు గుండీలు తెగేట్టున్నాయి. ఈయన తెప్ప ఎక్కితే తెప్ప మునుగుతుంది అన్నాను. రామదాసు గారు ఫైలు తడిమి, ఇన్సూరెన్సు కాగితంలో బరువు ఉందమ్మా, రెండు వందల ఇరవై పౌన్లు అన్నారు. అంటే నూరు కిలోలు అని రాజీ చెప్పింది. ఆయన దగ్గర ఆ ప్లీడరు చెప్పుల కొలత కూడా ఉంది.

పక్కనే చేపల కొట్టు. కొట్టువాడు చేపల తలలు కోసి తొట్టిలో పారేస్తున్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. రాజీతో అడిగించాను. పీతల వలకు ఎరగానా అన్నాడు. కాదు, తినడానికి అని చెబితే వాడు నన్నూ తొట్టినీ రెండుసార్లు చూసి, నాలుగు పెద్ద తలలు ఐసులో పెట్టి ఊరికే ఇచ్చాడు. మా మార్కెట్లో తల ముందు అమ్ముడవుతుంది. పదహారు డాలర్ల రొట్టె కంటే ఊరికే వచ్చిన తలలే నాకు ఆ రోజు లాభం.

ఓడలో

కారుతో సహా ఓడ ఎక్కాం. గంటన్నర ప్రయాణం. కాఫీ రెండు డాలర్లు, నీళ్లలా ఉంది. రామదాసు గారు రెయిలింగు పట్టుకుని నిలబడి, ఏం కనిపిస్తోందమ్మా అని అడిగారు. ఆయనకు పక్కలే కనిపిస్తాయి, ఎదురుగా చూసేది కనపడదు. గాలి ఎటు నుంచి వస్తోందో, నీళ్లలో రంగు ఎక్కడ మారిందో, కింద రాయి ఎక్కడ ఉండి ఉంటుందో చెప్పాను. ఇక్కడి సముద్రానికి కెరటం లేదు, మూత వేసిన కుండలా ఉంది అన్నాను. పంతులు పరీక్షలకి ఈ నీళ్లే ఎందుకు ఎంచుకున్నాడో పదకొండేళ్లలో నాకు ఇంత బాగా ఎవరూ చెప్పలేదు అన్నారాయన. చదవలేనిదాన్ని నేను, చూడలేని మనిషి ఆయన. మధ్యలో రాజీ ఫోనులో మోటెలు బుక్ చేసుకుంటోంది.

మోటెలు

అవతలి ఒడ్డున మోటెలు గుజరాతీవాళ్లది. హంసాబెన్ అని, నా వయసే ఉంటుంది. గోడ మీద శ్రీనాథుడని వాళ్లు కొలిచే కృష్ణుడి బొమ్మ, బల్ల మీద తులసి, నీచు ముట్టని ఇల్లు. తలలు పాడవుతాయన్న తొందరలో నేను అది చూడలేదు. రాజీ ఇంటి నుంచి కరెంటు పొయ్యి, చింతపండు, కారం సంచిలో తెచ్చుకున్నాను. అన్నీ బాగానే సాగాయి. చివర ఎండుమిరపకాయలు వేసి పోపు పెట్టాను. గది నిండా ఘాటు. దగ్గుతూ కిటికీ తీసేలోపు గోడ మీద పొగ పసిగట్టే గంట మొదలైంది. ఒక గదిలో గంట కొడితే అన్ని గదుల్లోనూ కొడుతుందని నాకేం తెలుసు? సాయంత్రం ఆరు గంటలకు మోటెల్లో ఉన్నవాళ్లంతా చెప్పులు లేకుండా కార్ల మధ్య నిలబడ్డారు. ఒకాయన తువ్వాలుతోనే వచ్చాడు. ఫైరింజను కూడా వచ్చింది.

హంసాబెన్ హిందీలో అందుకుంది. రాజీ చెప్పడానికి మొహమాటపడింది గానీ నాకు అర్థమైంది. ముప్పై ఏళ్లుగా ఈ దొరల పంది మాంసం వాసన ముక్కు మూసుకుని భరించాను, ఒక్కనాడు గంట కొట్టలేదు, మన దేశం మనిషివి నువ్వా నా గంట కొట్టించేది అంది. నేను చేతులు జోడించాను. చేప అని తెలిశాక ఇంకా పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. అవలేదు. పొయ్యి తెచ్చి బయట చెట్టు కింద పెట్టించి, అక్కడే తిని, గిన్నె అక్కడే కడగమంది. తర్వాత తన ఇంట్లోంచి మెంతి రొట్టెలు నాలుగు కాగితంలో చుట్టి దూరం నుంచే బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తల పులుసుతో మెంతి రొట్టె చాలా బాగుంటుంది. ఆమెకు చెప్పలేదు.

నది ఒడ్డున

ఆదివారం ఖాళీ. నది ఒడ్డున సబ్‌మెరీన్ల మ్యూజియం ఉంది. అక్కడ టికెట్టు లేదు, ఊరికే. ఎవరైనా వెళ్లి నీళ్లలో ఉన్న నిజం సబ్‌మెరీను ఎక్కి చూడవచ్చు. మా బీచ్ రోడ్డులో ఉన్నదాని కంటే పొడుగనిపించింది, పైగా ఇది తడిలో ఉంది. అదే తేడా.

బయట మొదటి కాలపు చిన్న పడవ నమూనా ఉంది. మన లారీ కంటే కాస్త పొడుగు, అందులో ఆరుగురు. నేవీలో చేసి రిటైరైన ఒక ముసలాయన దాన్ని చూపిస్తూ చెప్పాడు. ఆ పడవకు బరువే ప్రాణమట. లోపల మనిషి నాలుగడుగులు ముందుకు నడిచినా ముక్కు కిందికి దిగిపోతుందట. అందుకే అడుగున సీసం కడ్డీలు పేర్చి, కొత్త మనిషి ఎక్కితే అతని బరువుకు సరిపడా కడ్డీలు తీసి ఒడ్డున పెట్టేవారట. మా దగ్గరా అంతే అని రాజీతో చెప్పించాను. షావుకారు ఎక్కిన రోజు ఇసక బస్తా దింపేస్తాం. ఆయన నవ్వి, షావుకారుకూ ఇసకకూ తేడా ఏమిటి అన్నాడు. ఇసక మాట్లాడదు అన్నాను.

తర్వాత పెద్దదాని లోపలికి వరుస కట్టాం. రామదాసు గారు అంతకుముందు చూసేశారు, బయట బెంచీ మీద కూర్చున్నారు. రాజీ ముందు, నేను వెనక. పైకప్పులో చదరపు కన్నం, కిందికి మెట్లు. ఒక మెట్టు దిగాను. కింద నుంచి వాసన వచ్చింది. ఇనుము, నూనె, మూసిన గాలి. ఎర్రయ్య వెళ్లిన బోటు ఇంజను గదిలో అదే వాసన. రెండో మెట్టు మీద కాలు పెట్టి తీసేశాను. వెనకవాళ్లు దారి ఇచ్చారు. రాజీ లోపల అంతా చూసి అవతలి కన్నంలోంచి వచ్చింది. నేను వెళ్లి రామదాసు గారి పక్కన కూర్చున్నాను. ఏమైందమ్మా అన్నారు. మోకాలు నొప్పి అన్నాను.

నోటుబుక్కు

సోమవారం పదింటికి చరిత్ర సంఘం తలుపు దగ్గర నిలబడ్డాం. పాత చెక్క ఇల్లు, మెట్ల మీద పూలకుండీలు. మార్గరెట్ అనే పెద్దావిడ తలుపు తీసింది. సంచులు బయట పెట్టాలి, పెన్ను లోపలికి తేకూడదు, పెన్సిలే. చేతులు కడుక్కోవాలి. గుళ్లోకి వెళ్లినట్టే ఉంది. నా చేతులు ఇంకా పులుసు వాసన వస్తున్నాయేమోనని రెండుసార్లు కడిగాను.

అట్టపెట్టెలోంచి నోటుబుక్కు తీసి, మెత్తటి దిండు లాంటి దాని మీద పెట్టింది. నల్లటి అట్ట, నూనె మరకలు. రామదాసు గారు కళ్లద్దాల మీద ఇంకో పెద్ద అద్దం పెట్టుకుని, మొహం పక్కకు తిప్పి కాసేపు చూశారు. అక్షరాలు ఆయనకు దొరకలేదు. రాజీ చదవడం మొదలుపెట్టింది. గంట సేపు చదివింది. పేర్లు ఎక్కడా లేవు. తేదీ, గాలి, ఎన్ని కడ్డీలు, ఎంతసేపు మునిగారు, ఏం పాడైంది. ప్రతిరోజూ కడ్డీలు నలభై. అట్ట లోపల ఒక్కో కడ్డీ ఇరవై పౌన్లని రాసి ఉంది.

రామదాసు గారి మొహం వాడిపోయింది. పేర్లు రాయని బుక్కు కోసం వచ్చాను అన్నారు. ఉత్తరం రాసిన తేదీ చూడమని నేను రాజీకి గుర్తు చేశాను. మనిషి పేరు లేకపోతేనేం, బరువు ఉంటుంది కదా.

రాజీ పేజీలు తిప్పి ఆగింది.

"అంకుల్, డేట్ మ్యాచ్ అయింది. ఫార్టీ కొట్టేసి, ట్వెంటీ నైన్ అని రాశాడు."

"పదకొండు కడ్డీలు తీశారు," అన్నారు రామదాసు గారు. "పదకొండు ఇరవైలు రెండు వందల ఇరవై. ఆయనేనమ్మా. నూకాలమ్మా, ఎక్కాడమ్మా."

మార్గరెట్ కూడా సంగతి అర్థం కాకుండానే నవ్వింది. పదకొండేళ్ల పుస్తకం ఆ నిమిషంలో ఒడ్డుకు చేరింది.

"అంకుల్, ఒక్క నిమిషం," అంది రాజీ. గొంతు తగ్గిపోయింది. "కింద ఇంకో లైన్ ఉంది. మళ్లీ ఫార్టీ. దాని కింద, డైవ్, ట్వెల్వ్ మినిట్స్."

ఆయన వెంటనే, మెకానిక్ తప్పు రాసి ఉంటాడు, దిద్దుకున్నాడేమో అన్నారు. రాజీ నా వైపు చూసింది. ఆయనా నా వైపు తిరిగారు. నేను చెప్పకపోతే బాగుండునని అనిపించింది. కానీ ప్రశ్న నాదే.

"ఎక్కినాడు బాబూ," అన్నాను. "ఎక్కి, దిగిపోనాడు. ఆయన బదులు సీసం మళ్లీ ఎట్టీసినారు. అప్పుడు ములిగింది పడవ."

రామదాసు గారు ఫైలు తెరిచి ఉత్తరం తీసి వేళ్లతో తడిమారు. నేను పడవలో ఉన్నాను అన్నది నిజమే. పడవ మునిగింది అన్నదీ నిజమే. రెండూ ఒకేసారి జరిగాయని ఉత్తరంలో ఎక్కడా లేదు. చదివినవాళ్లే కలుపుకున్నారు, ఆయనతో సహా. ప్లీడరు రాత అంటే అది.

"పదకొండేళ్లు," అన్నారాయన. "పారిపోయినవాడి కోసం."

అప్పుడు చెప్పాను.

"నాను నిన్న సేసిందీ అదే కదా బాబూ. మోకాలు నొప్పి అని అబద్ధం కూడా ఆడినాను. నన్నేటని రాస్తారు?"

రాజీ నా చెయ్యి పట్టుకుంది. దానికీ అప్పుడే తెలిసింది.

నేను రాజీని ఉత్తరం మళ్లీ చదవమన్నాను. చివరి మాట దగ్గర ఆపాను. నా గడియారంలో సరిగ్గా పన్నెండు నిమిషాలు.

"లోపల కూకున్నోడు గడియారం సూడడు బాబూ. ఒడ్డున ఉన్నోడే సూస్తాడు."

మా రేవులో ఆ కట్టుకి రెండో సగం కూడా ఉంది. అది నేను ఐసెలిన్‌లో చెప్పలేదు, అడగలేదు కాబట్టి. భయపడి ఎక్కలేని షావుకారు, పడవ తిరిగి వచ్చేదాకా మొలలోతు నీళ్లలో నిలబడాలి. ఇంటికి పోయి కూర్చోకూడదు. ఆ ప్లీడరు గారు రేవు చెక్కల మీద పొట్టపై చెయ్యి వేసుకుని, గడియారం తీసి, పడవ మునిగిన చోటునే చూస్తూ నిలబడి ఉంటారు. ఆరుగురు లోపల ఉన్నారు. తేలుతారో లేదో ఎవరికీ తెలియదు. పన్నెండు నిమిషాలంటే తక్కువ కాదు. ఆరు రోజులు నిలబడినదాన్ని, నాకు తెలుసు.

"మీ రేవులో అది చెల్లుతుందా?" అని అడిగారు రామదాసు గారు.

"నిలబడినందుకు సగం సెల్లుతాది. ఆ ఉత్తరం రాసినందుకు సెల్లదు."

ఆయన తల ఊపారు. రాజీకి పెన్సిలు ఇచ్చి, రాయి అమ్మా అన్నారు. ఇంగ్లీషులో చెప్పారు, నాకు తెలియలేదు. పన్నెండయ్యేసరికి మార్గరెట్ వచ్చి, వెతికినది దొరికిందా అని అడిగింది. దొరికింది, నేను కోరుకున్నది కాదు అని ఆయన చెప్పారట. ఆమె నోటుబుక్కును పెట్టెలో పెట్టి మూత వేసింది.

తిరుగు దారిలో న్యూజెర్సీ దగ్గర పడ్డాక, ఆ తలల పులుసు ఇంకా ఉందా అని ఆయన అడిగారు. ఎప్పుడో అయిపోయింది. మర్నాడు తాజాగా వండి పెట్టాను.

బీచ్ రోడ్డు

నేను అక్టోబరులో తిరిగి వచ్చాను. సంక్రాంతి వెళ్లాక రాజీ ఫోను చేసింది. రామదాసు గారికి ఇప్పుడు అక్షరాలు కనపడవట. కానీ పుస్తకం అయిపోయింది. కొస మారింది. ప్రాణం ఒడ్డిన ప్లీడరు అన్న మాట కొట్టేసి, కడ్డీలు తీసినదీ, మళ్లీ పెట్టినదీ, గడియారం పట్టుకుని నిలబడినదీ, ఆ ఉత్తరంతో డబ్బు తెచ్చినదీ, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయించారట. దొంగ అని అనలేదట, దొర అనీ అనలేదట. రాజీ పైకి చదివి వినిపిస్తే, ఇప్పుడు మనిషిలా ఉన్నాడు అన్నారట.

ఫోను పెట్టేసి నా ముంతా గంపా పక్కన మొక్కజొన్నలు అమ్మే అప్పాయమ్మకు అప్పగించాను. టికెట్టు కిటికీలో ఉన్నతను పదేళ్లుగా నా దగ్గర తింటున్నవాడే. నీకు టికెట్టేమిటి పిన్నీ, వెళ్లు అన్నాడు. డబ్బులు పెట్టాను, చిల్లర పుచ్చుకున్నాను. లోపల చూపించే ఆయన నేవీ మనిషి, తలుపు దగ్గర నిలబడ్డాడు. వాసన అదే. ఇనుము, నూనె, మూసిన గాలి. ఒక నిమిషం ఆగాను.

"బాబూ, నానెక్కితే ఎన్ని సీసం కడ్డీలు దింపాల?"

ఆయనకు అర్థం కాలేదు. ఇది ఇసకలో ఉంది కదమ్మా, ఇంకెక్కడికి మునుగుతుంది అని నవ్వాడు. నేనూ నవ్వి లోపలికి అడుగు వేశాను. మంచాలు, గొట్టాలు అన్నీ విన్నచోటే ఉన్నాయి. నెమ్మదిగా ఆ కొస దాకా నడిచి అవతలి తలుపులోంచి సముద్రం వైపు బయటికి వచ్చాను. ఆ రోజు నా బదులు సీసం తిరిగి పెట్టవలసిన పని ఎవరికీ పడలేదు.